పొద్దున్నే పిడికిలి మూసుకోకపోతే: కీళ్ల డాక్టర్‌కు పాఠకుల ఉత్తరాలు

కీళ్ల నొప్పుల మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఎక్స్‌రేలు, రక్తపరీక్షల రిపోర్టుల జెరాక్స్ కాపీలు కూడా జత చేశారు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, ఎక్కువ మందికి పనికొచ్చేవి తీసుకున్నాను. పేర్లు వేయలేదు. మీ మందులు మాత్రం ఈ పేజీ చూసి మార్చుకోకండి. కీలును చేత్తో పట్టుకుని చూడకుండా జబ్బు పేరు చెప్పడం నాకు చేతకాదు. అలా చెప్పేవాళ్లని నేను నమ్మను కూడా.

ప్రశ్న: మా అమ్మకు 44 ఏళ్లు. బీడీలు చుడుతుంది. నాలుగు నెలల నుంచి పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. వేడినీళ్లలో పెట్టుకుంటే గానీ కదలడం లేదు. తునికాకు కోయడానికి కత్తెర పట్టుకోలేకపోతోంది. ఇదివరకు రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది, ఇప్పుడు సగం కూడా కావడం లేదు. ఊళ్లో అందరూ చికెన్‌గున్యా నొప్పులే అంటున్నారు. కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. అంటే కీళ్లవాతం లేనట్టేనా?
— ఒక కూతురు, కోరుట్ల

జవాబు: ఆ ఒక్క కాగితం చూసి లేదని చెప్పలేమమ్మా. మీ ఉత్తరంలో ఆ రిపోర్టు కంటే ముఖ్యమైన సంగతులు మూడున్నాయి. రెండు చేతులూ ఒకేసారి పట్టుకున్నాయి. పొద్దున్న బిగుసుకుని, వేడి తగిలాక, కదిలాక వదులుతున్నాయి. నాలుగు నెలలైనా పోలేదు. ఇవి మూడూ కలిసి వస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనవాళ్లు కీళ్లవాతం అనే జబ్బు ఉందేమోనని గట్టిగా అనుమానించాలి.

నా దగ్గరికి వచ్చిన వాళ్లని నేను మొదట అడిగేది, "పొద్దున్న లేచాక చేతులు మామూలుగా పనిచేయడానికి ఎంతసేపు పడుతుంది?" అని. అరిగిన కీళ్లయితే పది పదిహేను నిమిషాల్లో వదులుతాయి. లోపల వాపు ఉన్న కీళ్లకు అరగంట దాటుతుంది, గంట రెండు గంటలు కూడా పట్టొచ్చు. కాఫీ గ్లాసు ఎప్పుడు పట్టుకోగలిగారు, జడ ఎప్పుడు వేసుకోగలిగారు అని అడిగితే సరైన లెక్క వస్తుంది. నిమిషాల్లో అడిగితే అందరూ "చాలాసేపు" అంటారు.

ఇంట్లోనే ఒకటి చూడండి. కరచాలనం చేసినట్టు అమ్మ చెయ్యి పట్టుకుని, పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపుల వరసను రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కండి. ఆమె చెయ్యి లాగేసుకుంటే ఆ కణుపుల్లో వాపు ఉండొచ్చు. వేలి మధ్య కణుపు కూడా ఉబ్బి మెత్తగా తగలొచ్చు. గోరు పక్కనున్న చివరి కణుపును ఈ జబ్బు సాధారణంగా ముట్టుకోదు. అక్కడ గట్టి బుడిపెలు ఉంటే అది వయసుతో వచ్చే అరుగుదల.

ఇక చికెన్‌గున్యా. 2005-06లో రాయలసీమ జిల్లాల్ని ఈ జ్వరం ఊళ్లకు ఊళ్లే మంచాన పడేసిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుంటుంది. అప్పటి నుంచి కీళ్లు నొప్పి పుడితే చాలు, ముందు దాని పేరే వస్తోంది. నిజానికి చికెన్‌గున్యా అయితే నొప్పులు మొదలైన రోజు కూడా గుర్తుంటుంది. ఒక్కసారిగా పెద్ద జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, ఇంట్లోనో వీధిలోనో ఇంకొందరికి అదే బాధ. తర్వాత నెలల తరబడి కీళ్లు పట్టేసే మాట వాస్తవమే. మీ ఉత్తరంలో జ్వరం మాటే లేదు. ఒకవేళ జ్వరం వచ్చి ఉన్నా, మూడు నెలలు దాటినా వాపు తగ్గకపోతే కీళ్ల డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ సంగతి చెబుతాను. కీళ్లవాతం ఉన్న పదిమందిలో ఇద్దరు ముగ్గురికి అది నెగెటివ్‌గానే ఉంటుంది. జబ్బు లేని ముసలివాళ్లలో, టీబీ ఉన్నవాళ్లలో, హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో పాజిటివ్ రావచ్చు. అందుకని దానితోపాటు యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు కూడా చూస్తాం. మొదటి నెలల్లో ఎక్స్‌రే బాగానే ఉంటుంది, దాన్ని చూసి ధైర్యపడకూడదు. ఎక్స్‌రేలో ఎముక కొరికేసినట్టు కనిపించేదాకా ఆగితే ఆ ఎముక తిరిగి రాదు.

కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. కీలు తేలిగ్గా కదలడానికి కావలసిన జిగట ద్రవం అక్కడే తయారవుతుంది. మన రోగనిరోధక వ్యవస్థ ఆ పొరను పరాయిది అనుకుని దాడి చేస్తుంది. పొర ఉబ్బి, మందమై, ఎముకల చివర్లను మెత్తగా కప్పి ఉంచే మృదులాస్థినీ ఎముకనీ తినడం మొదలుపెడుతుంది. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. లక్షణాలు మొదలైన మూడు నుంచి ఆరు నెలల లోపు సరైన మందు పడితే ఫలితం బాగుంటుంది. అమ్మగారికి నాలుగు నెలలైంది. ఈ నెలలోనే తీసుకెళ్లండి. వెళ్లాల్సింది రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతాలు చూసే డాక్టర్ దగ్గరికి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. అంత దూరం వెంటనే కుదరకపోతే దగ్గర్లో ఉన్న ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టర్‌తో మొదలుపెట్టించండి.

బీడీ పని మానేయమని నేను చెప్పను. ఆ కూలి మీద ఇల్లు నడుస్తుంటే ఆ సలహా ఇవ్వడం నాకు తేలిక, పాటించడం మీకు కష్టం. పొద్దున్నే కూర్చోకుండా, వేళ్ల బిగుతు వదిలాక మొదలుపెట్టమనండి. కత్తెర పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే వేళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. మధ్యమధ్య లేచి వేళ్లు చాపి ముడవాలి. ఒక్కటి కచ్చితంగా అడగండి: ఆమె చుట్టడమేనా, కాల్చడం కూడా ఉందా? బీడీ, చుట్ట, ఉత్తరాంధ్ర వైపు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, ఏదైనా సరే, పొగ ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, వచ్చిన జబ్బును మొండిగా చేస్తుంది. ఆడవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. నేను అడుగుతాను.

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. కీళ్లవాతం అని మెథోట్రెక్సేట్ రాశారు. మందుల షాపు అబ్బాయి "ఇది క్యాన్సర్ మందు ఆంటీ" అన్నాడు. అప్పటి నుంచి మావారికి ఒకటే టెన్షన్, వేసుకోనివ్వడం లేదు. వేసుకున్న రెండు వారాల్లో నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు. మానేయమంటారా?
— గృహిణి, పాలకొల్లు

జవాబు: మానకండి. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి వదిలేశాడు. మిగతా సగం మీ పక్క ఊరి కథే, మీవారికి చదివి వినిపించండి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉండేవారు. ఆయన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తర్వాత ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందుల్ని కూడా అక్కడే తయారుచేశారు. అందులో అమినోప్టెరిన్ ఒకటి, మీ చేతిలో ఉన్న మెథోట్రెక్సేట్ ఇంకొకటి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి, ఆ ఫలితాలు 1948లో ప్రకటించారు. సుబ్బారావుగారు పోయిందీ ఆ ఏడాదే. 1951లో కొందరు డాక్టర్లు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కొద్ది మోతాదులో ఇచ్చి చూశారు, వాపులు తగ్గాయి. కానీ అప్పటికే స్టెరాయిడ్ల మోజు మొదలైంది, దీన్ని చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడొచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 1988లో. ఇవాళ ప్రపంచమంతా ఈ జబ్బుకు మొదట రాసేది ఇదే.

క్యాన్సర్‌కు ఇదే మందును ఒక్కోసారి వందల, వేల మిల్లీగ్రాముల్లో ఎక్కిస్తారు. మనం కీళ్లకు ఇచ్చేది వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఆ మోతాదులో అది రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గించే పని చేస్తుంది. జుట్టంతా ఊడిపోతుందని భయపడకండి. కొందరికి కొంచెం రాలుతుంది, అంతే.

భయపడాల్సింది వేరే దానికి. ఇది వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకునే మందు. మనకు మందంటే రోజూ వేసుకునేదని అలవాటు. ఇంట్లో పెద్దవాళ్లు బీపీ మాత్రతో కలిపి రోజూ మింగేస్తారు. అలా వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, తెల్లరక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నేను చీటీ మీద వారం పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తాను: "ఆదివారం రాత్రి మాత్రమే". మీరూ ఒక రోజు ఖాయం చేసుకుని అట్ట మీద పెన్నుతో రాసుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాసి ఉంటారు. అది వేరే రోజు వేసుకోవాలి, మానకూడదు. నోటిపూత, వికారం తగ్గేది దానివల్లే.

రెండు వారాల్లో తగ్గలేదన్నారు. తగ్గదు. దీని పని తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా నొప్పికి వేరే మందు ఇస్తారు. మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించాలి. మద్యం వద్దు. మీవారికి అలవాటున్నా ఆయన సీసాకూ మీ మాత్రకూ సంబంధం లేదు లెండి. జ్వరం గట్టిగా వచ్చినా, కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వచ్చినా ఆ వారం మాత్ర ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. మూత్రంలో మంటకో ఇంకొకదానికో ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ రాస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందే చెప్పండి. ఆ రెండూ కలవకూడదు.

మా మేనత్తకు ఈ జబ్బు వచ్చే నాటికి ఆస్పిరిన్, బంగారం ఇంజెక్షన్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఆమె వేళ్లన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయి, అన్నం కలుపుకోవడానికి అరచేతిని వాడేది. పిల్లలం మేం ఆ చేతుల్ని చూసి అది ముసలితనం అనుకునేవాళ్లం. ఆమెకు అప్పుడు యాభై కూడా లేవు. మొదట్లోనే ఈ మందు పడ్డవాళ్లలో అలాంటి చేతులు ఇప్పుడు అరుదు.

ప్రశ్న: మా ఆవిడకు కీళ్లవాతం. ఇంగ్లిష్ మందులు వేడి చేస్తాయని ఒకచోట నాటు మందు పొడి తెస్తున్నాం. వేసిన రెండో రోజుకే లేచి తిరిగింది. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ముఖం గుండ్రంగా ఉబ్బింది, కొత్తగా షుగర్ వచ్చింది. పొట్లం ఆపితే మంచం మీద నుంచి లేవలేకపోతోంది.
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అయ్యా, ఏళ్లనాటి కీళ్లవాతాన్ని రెండు రోజుల్లో లేపి నడిపించే ఆకు ఏదీ నాకు తెలియదు. అలా నడిపించే మందు ఒకటి తెలుసు, దాని పేరు స్టెరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్, కదల్లేని స్థితిలో ఉన్న ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. లోకం ఆశ్చర్యపోయింది, 1950లో ఆయనకూ ఇంకో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. మీ ఆవిడ విషయంలో మీరు చూసింది బహుశా అదే. గుండ్రటి ముఖం, షుగర్, ఆపితే కుప్పకూలడం, మూడూ ఒకేచోటికి చూపిస్తున్నాయి. ఊళ్లల్లో కీళ్ల నొప్పులకు పొట్లాలు, పేరులేని మాత్రలు, "ఒక్క ఇంజెక్షన్‌తో ఫ్రీ అవుతుంది" అనే సూదులు, చాలావాటిలో ఉండేది ఇదే.

నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఇల్లు తగలబడుతుంటే పొగ కనపడకుండా కిటికీలు మూసినట్టు ఈ ఎనిమిది నెలలు గడిచాయి. కీళ్ల అరుగుదల లోపల సాగుతూ ఉండి ఉంటుంది. పైగా ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు, బీపీ వీటికి దారి తెరుచుకుంది.

కోపం వచ్చి పొట్లాన్ని ఇవాళే కాలవలో పారేయకండి. ఈ మాట రెండుసార్లు చదవండి. ఇన్ని నెలలు బయటి నుంచి స్టెరాయిడ్ వచ్చిపడుతుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథులు పని మానేస్తాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. పొట్లంతో సహా ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అన్నీ దాచకుండా చెప్పండి. లెక్క తెలిసిన మాత్రకు మార్చి, వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. పక్కనే అసలు మందు మొదలుపెడతారు. షుగర్ కూడా చూస్తారు.

మేమూ స్టెరాయిడ్ రాస్తాం, దాచేదేమీ లేదు. అసలు మందు పని మొదలయ్యేదాకా, చిన్న మోతాదులో, ఎప్పుడు ఆపుతామో మొదటి రోజే చెప్పి ఇస్తాం.

ప్రశ్న: మా అత్తగారు వంకాయ, గోంగూర, పెరుగు, చింతపండు, బంగాళాదుంప అన్నీ మాన్పించారు. ముసురు పట్టిందంటే నాకు నొప్పులు పెరుగుతాయి కూడా. ఏం తినాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నీ తినండి. వంకాయ తింటే కీళ్లవాతం పెరుగుతుందని చెప్పే గట్టి ఆధారం లేదు. మీకు ప్రత్యేకంగా ఏదైనా పడదని పదేపదే అనుభవమైతే అదొక్కటి వదిలేయండి. పెరుగు మాత్రం మానొద్దు, మీ వయసు ఆడవాళ్లకు ఎముకల కోసం కాల్షియం కావాలి. చేపలు తినే ఇల్లయితే వారానికి రెండుసార్లు తినండి, వాపుకు కొద్దిగా మేలు. మందుకు బదులు కాదు. ముసురుకు నొప్పి ఎక్కువవుతుందని నా పేషెంట్లు చాలామంది చెబుతారు, నేను కొట్టిపారేయను. కానీ వాతావరణం వల్ల కీలు పాడవదు. వేడినీళ్ల కాపడం పెట్టుకుని కదలండి. అత్తగారితో గొడవ పడకుండా గోంగూర ఎలా తినాలన్నది నా పరిధిలోది కాదు.

ప్రశ్న: వయసు 63. వ్యవసాయం. మోకాళ్లలో గుజ్జు అయిపోయిందని, మూడు ఇంజెక్షన్లు చేస్తే మళ్లీ వస్తుందని ఒకచోట చెప్పారు. ఖర్చు ఎక్కువ. చేయించుకోమంటారా?
— రైతు, తెనాలి దగ్గర

జవాబు: అరిగిన మృదులాస్థిని మళ్లీ మొలిపించే ఇంజెక్షన్ ఇప్పటికి లేదు. మీకు చెప్పిన ఇంజెక్షన్లు జిగట ద్రవం లాంటివి. కొందరికి కొన్ని నెలలు కొద్దిగా ఉపశమనం ఉంటుంది, చాలామందికి ఆ ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు. అప్పు చేసి మాత్రం వద్దు. గ్లూకోజమైన్ మాత్రల సంగతీ దాదాపు అంతే.

రాసినదాన్ని బట్టి మీది కోరుట్ల అమ్మగారి జబ్బు కాదు. అరుగుదల. దీనికి మంచి మందు తొడ కండరం. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, మోకాలితో దాన్ని కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకొకసారి. అది తేలికయ్యాక, కాలు వంచకుండా జానెడు ఎత్తు లేపి పట్టుకోండి. మొదటి వారం విసుగొస్తుంది, మానకండి. నెల రెండు నెలలకు మెట్ల దగ్గర తేడా తెలుస్తుంది.

బరువు మీరు రాయలేదు. ఎక్కువుంటే వినండి: ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడకండి. నొప్పి ఎడమ మోకాలిలో ఉంటే కర్ర కుడి చేతిలో ఉండాలి, అందరూ దీన్ని తిరగేసి పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కింద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం తగ్గించి, మరుగుదొడ్డి మీద పెట్టే కుర్చీ ఒకటి కొనుక్కోండి. ఆ మూడు ఇంజెక్షన్ల డబ్బులో చాలా చిన్న భాగం.

నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా కొని వాడొద్దు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. పూసుకునే డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి బాగానే పనిచేస్తుంది. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, ఇంట్లో నాలుగడుగులు వేయలేని స్థితి వస్తే అప్పుడు మోకీలు మార్పిడి గురించి మాట్లాడదాం. ఎక్స్‌రే చూసి భయపడి చేయించుకునే ఆపరేషన్ కాదది.

ప్రశ్న: హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ 7.8 వచ్చింది. నొప్పులేమీ లేవు. పప్పు, టమాటా, పాలకూర మానేశాను. వయసు 41.
— ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: నొప్పి లేకపోతే ఆ అంకెకు మందు వేయాల్సిన పని చాలామందికి ఉండదు. పప్పు మానేశానన్నారు, బీరు సంగతి రాయలేదు. యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే జబ్బును గౌట్ అంటారు. దాన్ని తెప్పించేవి బీరు, మద్యం, వేటమాంసం, కార్జం, రొయ్యలు, తియ్యటి కూల్‌డ్రింకులు. పప్పులు, ఆకుకూరల వల్ల గౌట్ ముప్పు పెరగదు. బీపీకి నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది, వాడుతుంటే దానివల్లా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, డాక్టర్‌కు చెప్పండి. గౌట్ వస్తే మీకే తెలుస్తుంది: అర్ధరాత్రి కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా అరుస్తారు. అలా పదేపదే వస్తే యూరిక్ యాసిడ్‌ను 6 కంటే కిందికి దించే మందు ఏళ్ల తరబడి వాడాలి. ఆ మందు అలోప్యూరినాల్ అయి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. రెండేళ్లుగా నడుం నొప్పి. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుందట, లేచి తిరిగితే తగ్గుతుందట. కుర్చీ మార్చాం, పరుపు మార్చాం. ఒకసారి కన్ను ఎర్రబడి చూపు మసకబారింది, చుక్కల మందుతో తగ్గింది.
— ఒక తల్లి, నెల్లూరు

జవాబు: పరుపుల మీద ఇంక డబ్బు పెట్టకండి. కూర్చుని పనిచేయడం వల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గాలి. మీ అబ్బాయికి పడుకుంటే పెరిగి తిరిగితే తగ్గుతోంది. ఆ కన్ను సంగతి మీరు చివర్లో రాశారు గానీ నాకు అదే ముఖ్యం. వెన్నుపూసల్లో, వెన్ను తుంటి ఎముకతో కలిసే కీళ్లలో వాపు తెచ్చే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఉంది. కుర్రవాళ్లలో మొదలవుతుంది, కొందరికి కన్ను ఇలాగే ఎర్రబడుతుంది. నడుం నొప్పే కదా అని ఏళ్లు గడిచిపోతాయి. ఎక్స్‌రేలో కనపడటానికి చాలాకాలం పట్టొచ్చు కాబట్టి ఆ కీళ్లకు ఎంఆర్ఐ తీయిస్తారు. హెచ్ఎల్ఏ బీ27 అనే జన్యువు ఉందేమో చూసే రక్తపరీక్ష కూడా రాస్తారు. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఏ జబ్బూ రాదు.

మందులు బాగా పనిచేస్తాయి. సరిపోకపోతే రోగనిరోధక వ్యవస్థలో వాపు తెచ్చే పదార్థాల్ని అడ్డుకునే బయోలాజికల్ ఇంజెక్షన్లున్నాయి. వాటికి ముందు లోపల దాగిన టీబీ ఉందేమో తప్పకుండా చూడాలి. రోజూ వెన్ను సాగదీసే వ్యాయామం, వీలైతే ఈత. సిగరెట్ ఉంటే మానాలి. కన్ను మళ్లీ ఎర్రబడితే మిగిలిపోయిన పాత చుక్కలు వేసుకోకుండా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి.

ప్రశ్న: నా వయసు 24. రెండేళ్లుగా కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. ఇప్పుడు నొప్పులు లేవు. సంబంధం కుదిరేలా ఉంది. జబ్బు సంగతి చెప్పొద్దని అమ్మ, నాన్న అంటున్నారు. పిల్లలు పుడతారా? వాళ్లకూ వస్తుందా?
— పేరు వద్దు

జవాబు: పుడతారు. నా దగ్గర మందులు వాడుతూ పెళ్లి చేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూపించిన అమ్మాయిలున్నారు. పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువ, అయినా చాలామంది పిల్లలకు రాదు.

చెప్పాలా వద్దా అన్నది వైద్యం ప్రశ్న కాదు, అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. పెద్దల ద్వారా కాకుండా అబ్బాయికి మీరే నేరుగా చెప్పండి. వారానికోసారి వేసుకునే ఆ మాత్రను కొత్త కాపురంలో దాచిపెట్టి వేసుకోవడం చాలా కష్టం. దాచడం కోసం మాత్ర మానేసి, వాచిన చేతులతో ఆర్నెల్లకు పుట్టింటికి వచ్చినవాళ్లను చూశాను. కావాలంటే అతన్ని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మేం చెబితే జబ్బు గురించి అతని అనుమానాలు చాలావరకు తీరతాయి. అది విని వెనక్కి తగ్గేవాడైతే పెళ్లికి ముందే తెలిసింది మంచిదే.

మందుల దగ్గర మాత్రం అజాగ్రత్త పనికిరాదు. మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. అందుకని పెళ్లయిన మొదటి రోజు నుంచీ గర్భనిరోధకం వాడాలి, ఇది ముందే మాట్లాడుకోండి. పిల్లలు కావాలనుకున్నప్పుడు మూడు నెలల ముందే మెథోట్రెక్సేట్ ఆపించి, వేరే మందు ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ వాడొచ్చు. సల్ఫాసలజైన్ అనే మందు కూడా అంతే. ఎప్పుడైనా లెఫ్లునమైడ్ అనే ఇంకో కీళ్లవాతం మందు వాడి ఉంటే చెప్పండి, అది ఒంట్లో చాలాకాలం నిలిచి ఉంటుంది, బయటికి పంపడానికి వేరే మందు ఇవ్వాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టేటప్పుడు కంటి పరీక్ష చేయించకపోతే ఇప్పుడు చేయించండి. ఐదేళ్లు దాటాక ఏటా చేయించాలి.

గర్భంతో ఉన్నప్పుడు చాలామందికి నొప్పులు వాటంతట అవే తగ్గుతాయి. కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో తిరగబెట్టడం ఎక్కువ. సరిగ్గా అప్పుడే రాత్రుళ్లు నిద్ర ఉండదు, బిడ్డను ఎత్తుకోవాలి, మణికట్టు మీద బరువు పడుతుంది. కాబట్టి పురిటికి వెళ్లేముందే డాక్టర్‌ను కలిసి, కాన్పయ్యాక ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ మీ అమ్మగారి దగ్గర ఒకటి, మీ ఆయన దగ్గర ఒకటి ఉండాలి.